పల్నాటి సీమ – నానుడులలో హాస్య విరోధాభాసం: ఒక చారిత్రక పరిశీలన

లోకోక్తిని లోకానుభవ సారంగా నిర్వచించడం పరిపాటి. అనుభవ సారం సూటిగా ఉండాలి. కాని తెలుగువారు నిత్యం వాడే నానుడులలో అధికభాగం సూటిగా ఉండవు. అవి ఒక అసంభవాన్ని చూపుతాయి, లేదా పొంతన లేని రెండు వస్తువులను పక్కపక్కన నిలుపుతాయి, లేదా తమకు తామే ఎదురు పలుకుతాయి. వినేవాడు ముందు నవ్వుతాడు, తరువాత అర్థం చేసుకుంటాడు. 1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ మద్రాసులో ప్రచురించిన ‘ఆంధ్రలోకోక్తిచంద్రిక’ మొదలు నేటి వరకు వెలువడిన సంకలనాలు ఈ సంపదను భద్రపరచాయి. అయితే అకారాది క్రమంలో పేర్చిన సంకలనంలో నానుడికి ఊరు ఉండదు, కాలం ఉండదు. నానుడిలోని వైరుధ్యం ఏ జీవన పరిస్థితిలో అర్థవంతమైందో సంకలనం చెప్పదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాలతో కూడిన పల్నాటి సీమను ఆధారంగా చేసుకొని, ఈ హాస్య విరోధాభాసం చరిత్రతో ఎట్లా ముడిపడిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పల్నాడును ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ సీమకు లోకంలో స్థిరపడిన పేరు ‘పౌరుషాల గడ్డ’. వీరగాథలు, కత్తులు, కోడిపందేలు, పగలు ఈ పేరు వెంట వస్తాయి. కాని ఇదే సీమ చుట్టూ అల్లుకున్న చాటువులను, వీరగాథను, వాటికి అన్వయించే నానుడులను కలిపి చూసినప్పుడు పౌరుషాన్ని ప్రశ్నించి నవ్విన మరొక సంప్రదాయం కనిపిస్తుంది. ఆ రెండో గొంతు వినకుండా గీసిన పల్నాటి చిత్రం అసంపూర్ణమవుతుంది.

అలంకారశాస్త్రం – నానుడి నిర్మాణం

పైకి విరోధంగా తోచి, విచారించినప్పుడు విరోధం తొలగిపోయే ఉక్తిని ఆలంకారికులు విరోధాభాసం అన్నారు. దాని చుట్టూ విరోధమూలకమైన అలంకారాల కుటుంబమే ఉంది. కారణం లేకుండా కార్యం పుట్టినట్లు చెప్పడం విభావన. కారణాలన్నీ ఉన్నా కార్యం పుట్టకపోవడం విశేషోక్తి. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉండడం అసంగతి. పొసగని రెండింటిని కూర్చడం విషమం. కావ్యాలలో వీటి ప్రయోజనం చమత్కారం. నిత్య వ్యవహారంలోని నానుడులు ఈ లక్షణాలనే శాస్త్రపరిచయం అక్కరలేకుండా సాధించాయి.

‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్నది విభావన. ‘రామేశ్వరం పోయినా శనీశ్వరం తప్పలేదు’ అన్నది విశేషోక్తి. ‘అత్త మీద కోపం దుత్త మీద’ అన్నదానిలో కారణం అత్త, ఫలం అనుభవించేది మట్టికుండ; ఇది అసంగతి. ‘మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె’ అన్నది విషమం. కావ్యంలో విరోధం శ్లేష చేతనో, దేవతా మహిమ చేతనో పరిహారమవుతుంది. నానుడిలో అట్లా పరిహారం కాదు. మెతుకు లేకపోవడమూ నిజమే, నూనె రాసుకోవడమూ నిజమే. విరోధం భాషలో లేదు, మనిషి నడవడిలో ఉంది. అందువల్ల నానుడిలోని విరోధం ఆభాసం మాత్రమే అనడానికి వీలులేదు. కావ్యాలంకారానికీ లోకోక్తికీ ఉన్న ఈ భేదమే నానుడిని చరిత్రకు ఉపకరించే ఆధారంగా మారుస్తున్నది.

నీరు లేని పాలనాడు

‘పల్నాడు’ అన్న పేరుకే పరస్పరం పొసగని వ్యుత్పత్తులు ప్రచారంలో ఉన్నాయి. పల్లెల నాడు కనుక పల్లెనాడు, పల్లవుల నాడు కనుక పల్లవనాడు, తెల్లని సున్నపురాయి వల్ల పాలనాడు అని చెబుతారు. చివరి వ్యుత్పత్తిని అంగీకరిస్తే, పాల పేరు పెట్టుకున్న సీమలో తాగడానికి నీరు కరువన్న వైరుధ్యం పేరులోనే చేరుతుంది. సీమకు ఉత్తరాన కృష్ణానది పారుతున్నది. ఏరు పక్కనే ఉన్నా భూమి ఎత్తున ఉండడం వల్ల శతాబ్దాల పాటు ఆ నీరు పొలానికి ఎక్కలేదు. నేలలో నాపరాయి, పైరుగా జొన్న, సజ్జ, తాగునీటికి లోతైన బావులు – ఇది పూర్వపు పల్నాటి జీవనం.

ఈ జీవనాన్ని హాస్యానికి ఎక్కించినవి శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు. వాటి కర్తృత్వం విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నా, పల్నాటి కరువు చిత్రణకు అవి ప్రసిద్ధ సాక్ష్యాలు. ఒక చాటువు చిన్న రాళ్ళు, చిల్లర దేవుళ్ళు, నాగులేటి నీళ్ళు, జొన్నకూడు, పాములు, తేళ్ళు ఒకే వరుసలో లెక్కపెడుతుంది. దేవుళ్ళను రాళ్ళతోను తేళ్ళతోను ఒకే పంక్తిలో కూర్చోబెట్టడమే ఇందులోని విషమాలంకారం. మరొక చాటువు ఈ సీమకు వస్తే రంభ అయినా ఏకులు వడకవలసిందే, మన్మథుడైనా జొన్నకూడు తినవలసిందే అన్న భావాన్ని చెబుతుంది. దాహంతో అలమటించిన సందర్భంలో చెప్పినదిగా ప్రసిద్ధమైన ఇంకొక చాటువు నేరుగా శివునితో తగవుకు దిగుతుంది. బిచ్చమెత్తుకునేవాడికి ఇద్దరు భార్యలెందుకు, గంగను వదిలితే చాలదా అన్నది దాని సారాంశం. భక్తుడు దేవుణ్ణి యాచించాలి. ఇక్కడ దేవుడే యాచకుడని గుర్తుచేసి, ఆయన భార్యలలో ఒకరిని అడుగుతున్నాడు. నిందకూ ప్రార్థనకూ మధ్య గీత చెరిగిపోవడం ఈ చమత్కారానికి మూలం. అడిగినది మాత్రం గుక్కెడు నీళ్ళు.

నీటి కరువు చాటువులలోనే ఆగిపోలేదు, నిత్య వ్యవహారంలోకి ప్రవేశించింది. అంతులేని ఉపన్యాసాన్నీ, పొడవైన వరుసనూ, ముగియని జాబితానూ నేటికీ ‘కొండవీటి చేంతాడు’ అంటారు. చేంతాడు బావిలో నీరు చేదే తాడు. నీరు ఎంత లోతున ఉంటే తాడు అంత పొడవు కావాలి. కనుక తాడు పొడవు నీటి సమృద్ధికి కాక నీటి లేమికి కొలమానం. ‘చాలా ఉంది’ అన్న అర్థంలో వాడే ఈ పలుకుబడికి పునాది ‘చాలా తక్కువ ఉంది’ అన్న వాస్తవం. ఈ వైరుధ్యం నేటి వ్యవహర్తకు స్ఫురించదు. చేంతాడును చూడని తరం సైతం ఈ మాటను తడుముకోకుండా వాడుతున్నది. వస్తువు పోయినా పలుకుబడి నిలవడం భాషాచరిత్రలో సహజం. అయితే ఇక్కడ నిలిచింది అతిశయం మాత్రమే, మరుగున పడింది దాహం.

ఇందులో మరొక చారిత్రక చమత్కారం ఇమిడి ఉంది. శ్రీనాథుడు కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారి. ఆనాడు కొండవీడు రాజధాని, పల్నాడు జొన్నకూటి సీమ. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు కొండవీడు ఆ జిల్లాలో చేరింది. చాటువులు పరిహసించిన సీమ పేరే వాటి కర్తగా చెప్పే కవి కొలువుకూటానికి చిరునామా అయింది. ‘ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి’ అన్న నానుడికి పరిపాలనా చరిత్ర ఇచ్చిన ఉదాహరణ ఇది.

చిలికి చిలికి గాలివాన

పల్నాటి యుద్ధాన్ని 12వ శతాబ్ది చివరి పాదంలో, సుమారు 1182 ప్రాంతంలో జరిగినట్లు చరిత్రకారులు భావిస్తారు. హైహయ వంశానికి చెందిన నలగామరాజు గురజాల నుండి, మలిదేవరాజు మాచర్ల నుండి పాలించారు. నలగాముని పక్షాన నాయకురాలు నాగమ్మ, మలిదేవుని పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. కోడిపోరులో ఓడిన మలిదేవుని పక్షం ఏడేండ్లు వలస వెళ్ళడం, గడువు ముగిశాక రాయబారానికి వచ్చిన అలరాజు చర్లగుడిపాడు వద్ద మరణించడం, చివరకు కార్యమపూడి రణరంగం – ఇది కథాక్రమం. శ్రీనాథునికి ఆపాదితమైన ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. వీరవిద్యావంతులు గానం చేసే మౌఖిక రూపం ఆధారంగా జీన్ రోగైర్ చేసిన అధ్యయనం 1982లో వెలువడింది.

ఈ కథకు నానుడులను అన్వయిస్తే వీరగాథ అడుగున హాస్యం కనిపిస్తుంది. రెండు కోళ్ళ పోరు రాజ్యాల పోరుగా మారడం ‘చిలికి చిలికి గాలివాన’ అన్న నానుడికి చక్కని ఉదాహరణ. చిలకడం కుండలో జరిగే పని, గాలివాన ఆకాశంలో పుట్టేది. కారణానికి, కార్యానికి మధ్య ఉన్న ఈ పొంతన లేనితనమే నానుడిలో నవ్వు పుట్టిస్తుంది. కథలో అదే విషాదం పుట్టిస్తుంది. ఒకే నిర్మాణం హాస్యానికీ శోకానికీ ఆధారం కావడం గమనించదగింది. నష్టం చిన్నదైతే నవ్వు, పెద్దదైతే కన్నీరు.

‘పోరు నష్టం, పొందు లాభం’ అన్నది మరొక నానుడి. పల్నాటి యుద్ధంలో ఎవరు గెలిచారన్న ప్రశ్నకు కథ ఇచ్చే సమాధానం ఈ నానుడి కన్నా పదునైనది. వీరులందరూ నేలకొరిగాక, మిగిలిన బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామునికే అప్పగించి గుత్తికొండ బిలంలో ప్రవేశించాడని గాథ చెబుతుంది. ఎవరితో పోరాడారో వారికే రాజ్యం దక్కింది. యుద్ధానికి ముందు సింహాసనం మీద ఉన్నవాడే యుద్ధానంతరం కూడా ఉన్నాడు. మారింది శ్మశానం విస్తీర్ణం మాత్రమే. ఈ ముగింపును విజయంగా గాని పరాజయంగా గాని పేర్కొనడానికి వీలులేదు.

రాజకీయ చరిత్ర ఈ వైరుధ్యానికి మరొక పొర చేర్చింది. ‘పిట్టపోరు, పిట్టపోరు పిల్లి తీర్చింది’ అని సామెత. అన్నదమ్ముల పోరు ఈ ప్రాంతపు సామంత రాజ్యాలను, వాటితో ముడిపడిన వెలనాటి అధికారాన్ని బలహీనపరచిందని చరిత్రకారుల అభిప్రాయం. 13వ శతాబ్ది తొలి దశాబ్దాలలో గణపతిదేవుని కాలంలో వెలనాడు కాకతీయుల ఏలుబడిలోకి వచ్చింది. తగవు తీర్చడం అంటే న్యాయం చెప్పడం. సామెతలో పిల్లి తీర్చింది తగవును కాదు, తగవు పడేవారిని. ‘తీర్చు’ అన్న క్రియలోని ఈ శ్లేషలో పల్నాటి యుద్ధ ఫలితం మొత్తం ఇమిడిపోతుంది.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యతో మొదలయ్యే వీరుల ఉత్సవం రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అన్న ఐదు దినాల వరుసలో సాగుతుంది. కథలో కోడిపోరు ముందు, అలరాజు రాయబారం తరువాత. ఉత్సవంలో రాయబారమే ముందు వస్తుంది. సంధి ప్రయత్నం ముందు జరిగినా చివరకు కోడిపోరు తప్పలేదన్న భావానికి ఈ వరుస అవకాశం ఇస్తున్నది.

నిదానమా? ఆలస్యమా?

తెలుగు నానుడులు ఒకదానినొకటి ఖండించుకుంటాయన్నది తరచు వినిపించే ఆక్షేపణ. ‘నిదానమే ప్రధానం’ అన్న నోటితోనే ‘ఆలస్యం అమృతం విషం’ అంటారు. రెండో నానుడి నిర్మాణం మరీ విచిత్రం. ఆలస్యం వల్ల అమృతం కూడా విషమవుతుందని దాని తాత్పర్యం. క్రియాపదం లేకపోవడంతో, ఉన్న మూడు మాటలను ఉన్నట్లు చదివితే ఆలస్యం అమృతమూ అవుతుంది, విషమూ అవుతుంది. లోకం ఎరిగిన అర్థం ఒకటే అయినా, వాక్యం రెండింటికీ చోటిచ్చింది.

పల్నాటి కథలో ఈ రెండు నానుడులకు ఇద్దరు ప్రతినిధులు ఉన్నారు. సంధి కోసం చివరి క్షణం వరకు ప్రయత్నించిన బ్రహ్మనాయుడు నిదానానికి ప్రతినిధి. యుద్ధానికి ఉరికిన ఆయన కుమారుడు బాలచంద్రుడు తొందరకు ప్రతినిధి. కొడుకును పోరుకు దూరంగా ఉంచాలని తల్లి ఐతాంబ బొంగరాలాటకు పంపడం, ఆ బొంగరమే అన్నమ అనే స్త్రీకి తగిలి, ఆమె మాటలే బాలచంద్రుని యుద్ధానికి పురికొల్పడం ప్రసిద్ధ ఘట్టం. ఆపడానికి ఎంచుకున్న ఉపాయమే పంపడానికి కారణమైంది. గాథ తండ్రినీ నిందించదు, కొడుకునూ నిందించదు. ఇద్దరినీ ఒకే వీరుల గుడిలో నిలుపుతుంది. నానుడుల పరస్పర వైరుధ్యాన్ని ఈ దృష్టితోనే అర్థం చేసుకోవాలి. అవి సూత్రాలు కావు. తగవులో ఇరుపక్షాల వాదాలు. ఏ మాట సరైనదో సందర్భం తేలుస్తుంది, అదీ తరచుగా పని జరిగిపోయాకే తేలుస్తుంది.

ప్రళయాంతకం ఎవరు?

నానుడిలోని నవ్వు అన్నివేళలా అమాయకం కాదు. ‘స్త్రీబుద్ధి ప్రళయాంతకం’ అన్న మాట స్త్రీల ఆలోచనను నిందించడానికే వాడుకలో ఉంది. పల్నాటి యుద్ధం ప్రస్తావన వచ్చినప్పుడు నాయకురాలు నాగమ్మపై ఈ మాటను ప్రయోగించడం తేలిక. అయితే పదవిభాగం చేస్తే ఈ నింద నిలవదు. అంతకం అంటే అంతం చేసేది. ప్రళయాంతకం అంటే ప్రళయాన్ని అంతం చేసేది. షష్ఠీతత్పురుషగా విగ్రహం చెబితే నానుడి స్త్రీబుద్ధికి పరమ ప్రశంస అవుతుంది. నిందించబోయిన మాట వ్యాకరణం చేతిలో స్తుతిగా మారిపోయింది. వాడేవారు మాత్రం దానిని గమనించలేదు.

చరిత్ర నాగమ్మ విషయంలో ఇదే ద్వంద్వాన్ని చూపుతుంది. 12వ శతాబ్దిలో ఒక స్త్రీ మంత్రిగా రాజ్యతంత్రం నడపడం అసాధారణం. గాథాగాయకులు ఆమెను ప్రతిపక్షంగా నిలిపినా, ఆమె మేధాశక్తిని తక్కువ చేయలేకపోయారు. ఆమె కుటిలురాలని చెప్పడానికి ఆమె సమర్థురాలని ముందుగా ఒప్పుకోవలసి వచ్చింది. ఆ సామర్థ్యమే పురుషునిలో రాజనీతి, స్త్రీలో ప్రళయం. బ్రహ్మనాయుని వ్యూహాలకూ ఆమె వ్యూహాలకూ లోకం పెట్టిన వేర్వేరు పేర్లలోనే అసలు విరోధం ఉంది.

వరం – పూజారి – గబ్బిలం

సమభోజనానికి పర్యాయంగా నేటికీ నిలిచిన ‘చాపకూడు’ అన్న మాట బ్రహ్మనాయుని సంప్రదాయానికి చెందినది. అన్ని కులాలవారు ఒకే చాప మీద కూర్చొని తినడం దాని భావం. మాల కన్నమదాసును సేనానిగా నిలిపిన గాథ కూడా ఇదే. కులభేదాన్ని ఒక చాప మీద చెరిపిన సీమలోనే దాయాదులు ఒక నేల మీద ఇమడలేకపోయారన్నది పల్నాటి చరిత్రలోని మౌలిక వైరుధ్యం.

ఆ చాప ఎంతకాలం పరచి ఉందన్న ప్రశ్నకు 20వ శతాబ్ది సమాధానం చెప్పింది. నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువ 1941లో ‘గబ్బిలం’ ప్రకటించారు. ఆలయంలోకి అడుగుపెట్టలేని నిరుపేద తన గోడును కాశీలోని శివునికి విన్నవించడానికి గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. ఇంట్లో దూరితే అశుభమని తరిమే జీవికి గుడిలో ప్రవేశం ఉంది, మనిషికి లేదు. ‘దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు’ అన్న నానుడి ఇక్కడ హాస్యం కోల్పోయి వాస్తవంగా మిగులుతుంది. పూర్వపు చాటువు శివుణ్ణి నీళ్ళ కోసం నిలదీసింది. జాషువ కావ్యం న్యాయం కోసం నిలదీసింది. రెండింటిలోనూ యాచన, ఎత్తిపొడుపు విడదీయరానివి.

ఇదే నానుడి పుల్లరి ఉద్యమానికీ అన్వయిస్తుంది. అడవిలో గడ్డి వానకు మొలుస్తుంది. దానిని మేసిన పశువుకు సర్కారు పుల్లరి వసూలు చేసింది. 1921–22లో పల్నాటి రైతులు ఆ పన్నును నిరాకరించారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో కాల్పులలో మరణించాడు. వరమిచ్చిన వాన అడ్డుపడలేదు, అడ్డుపడింది నడుమనున్న అధికారమే. నానుడి నవ్వుతూ చెప్పిన సత్యానికి ఇక్కడ ప్రాణం మూల్యమైంది.

నీరు వచ్చిన తరువాత

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. కుడికాలువ జవహర్ కాలువ పేర పల్నాటి నేలకు నీరు తెచ్చింది. జొన్న పండిన చోట వరి, మిరప, పత్తి పండాయి. మాచర్ల సమీపంలోని నాగార్జునకొండ లోయ, ఇక్ష్వాకుల విజయపురి జలాశయంలో మునిగాయి. ఒక చరిత్ర మునిగితే గాని మరొక సీమ తడవలేదు. శ్రీనాథుని పేర నిలిచిన చాటువులు వర్ణించిన పల్నాడు ఈ నీటితో చాలావరకు కనుమరుగైంది. అయినా ఆ చాటువులు వన్నె తగ్గలేదు. నవ్వుకు కారణమైన కరువు తగ్గినా నవ్వు మిగిలింది. శాస్త్రభాషలో చెప్పాలంటే ఇది విభావన.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, కావ్యంలోని విరోధం అర్థవిచారంతో తొలగిపోగా, నానుడిలోని విరోధం తొలగదు. అది జీవనంలోని వైరుధ్యానికి ప్రతిబింబం. రెండవది, నానుడుల పరస్పర విరోధం లోకజ్ఞానంలోని లోపం కాదు. భిన్న సందర్భాల, భిన్న పక్షాల అనుభవానికి సాక్ష్యం. మూడవది, నానుడి ఏ స్థితిలో అర్థవంతమైందో ఆ స్థితి నుండి వేరుచేస్తే ‘కొండవీటి చేంతాడు’ వలె దాహాన్ని మరచిపోతుంది, లేదా ‘స్త్రీబుద్ధి’ వలె పక్షపాతంగా గడ్డకడుతుంది. కనుక లోకోక్తి సంకలనాలకు అర్థవివరణతో పాటు స్థల, కాల, వక్తృ వివరాలు చేర్చడం పరిశోధకులు చేయవలసిన పని. నానుడులను నేటికీ నోటిమాటగా వాడుతున్న పెద్దల నుండి, వీరగాథను గానం చేసే వీరవిద్యావంతుల నుండి ఆ వివరాలు సేకరించే అవకాశం ఇంకా ఉంది.

పల్నాటి పౌరుషాన్ని చెప్పే గ్రంథాలు ఉన్నాయి. ఆ పౌరుషం ఏమి మిగిల్చిందో చూసి నవ్విన ప్రజల మాటలు గ్రంథాలకు బయటే ఉన్నాయి. ‘పోరు నష్టం, పొందు లాభం’ అన్న నాలుగు మాటలకు కారంపూడి వీరుల గుడి కన్నా విపులమైన వ్యాఖ్యానం మరొకటి లేదు.